మా నాన్నకు సీటు దొరికిన వైనం

మా నాన్న బస్సు కండక్టరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నిలబడే బతికాడు. బస్సులో ఆయనకంటూ ఒక సీటు ఉండేది, వెనక తలుపు పక్కన ఒంటి సీటు. అందులో ఆయన కూర్చోగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మనో, చంకలో బిడ్డనెత్తుకున్న తల్లినో అక్కడ కూర్చోబెట్టి, తను కమ్మీకి నడుం ఆనించి టిక్కెట్లు చింపేవాడు. ఇంటికి వచ్చినా అదే వరస. నిలబడి టీ తాగేవాడు, నిలబడి పేపరు చదివేవాడు. భోజనానికి కూడా అమ్మ పోరు పడలేకే కూర్చునేవాడు.

"కూర్చుంటే ఎవరి సీటో లాక్కున్నట్టు ఉంటుందే," అనేవాడు.

ఇంట్లో ఉన్నది అమ్మ, నాన్న, నేను. కుర్చీలు మాత్రం ఆరు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కలేదు.

నిలబడటంలో ఆయనకొక పద్ధతి ఉంది. కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి, మోకాళ్ళు సడలించి, మా ఇల్లు ఏ క్షణాన మలుపు తిరుగుతుందో అన్నట్టు నిలబడేవాడు. గుంతల రోడ్ల మీద, సడన్ బ్రేకుల మధ్య, రెండు చేతులా టిక్కెట్లూ చిల్లరా పట్టుకుని కూడా ఏనాడూ తూలి పడిన మనిషి కాదు. అలాంటివాడు రిటైరయ్యాక, స్నానాల గది ముందు వేసిన కాళ్ళు తుడుచుకునే పట్టా మీద జారి పడ్డాడు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళకీ అమ్మ ఒకే మాట చెప్పేది: "కదిలే బస్సులో పడని మనిషి కదలని ఇంట్లో పడ్డారండీ." వినేవాళ్ళు నవ్వాలో జాలిపడాలో తెలియక నా మొహం చూసేవాళ్ళు. నేనూ ఎటూ తేల్చుకోలేకపోయాను.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. ఒంట్లో షుగరు ఉంది, దానికి తోడు జ్వరం పట్టుకుంది. ఎముక గట్టిపడేదాకా ఆ కాలి మీద బరువు మోపకూడదన్నారు డాక్టరు. అలా జీవితమంతా నిలబడ్డ మనిషిని తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు.

పడుకోవడం మా నాన్నకి చేతకాదు. నిద్రపోవడం వేరు, అది అందరికీ వచ్చు. పగలల్లా పడుకుని ఉండటం వేరు. ఆయన వెల్లకిలా, నిటారుగా, పైకప్పుకేసి చూస్తూ బిగుసుకుని ఉండేవాడు. పక్కకి తిరగమంటే నొప్పి అనేవాడు. నొప్పి నిజమే గానీ అందులో పంతం పాలు కూడా ఉంది. మంచం కిటికీ పక్కన వేశాం. కిటికీలోంచి రోడ్డూ, రోడ్డు మీద బస్సులూ కనిపిస్తాయి. వచ్చే ప్రతి బస్సుకీ "లేటు" అని తీర్పు చెబుతూ ఆయన పొద్దుపుచ్చేవాడు. రెండో పక్కకి తిరిగితే గోడ తప్ప ఏమీ లేదు. గోడకేసి తిరగమంటే మమ్మల్ని పగవాళ్ళని చూసినట్టు చూసేవాడు.

ఆయనకి కావలసింది ఒక్కటే. అదేమిటో మంచానపడ్డ కొత్తలోనే తేలిపోయింది. అమ్మ మలవిసర్జనకి వాడే పళ్ళెం తెచ్చి దుప్పటి కిందికి తోయబోతే నాన్న కళ్ళు మూసుకుని పళ్ళు బిగించాడు. అమ్మ బతిమాలింది, కోప్పడింది, గది బయట కాసేపు కూర్చుని మళ్ళీ వచ్చింది. లాభం లేకపోయింది.

"చూడు," అన్నాడు నాన్న చివరికి, కళ్ళు తెరవకుండానే. "నన్ను నడిపించమని అడగట్లేదు. పరిగెత్తించమని అడగట్లేదు. బాత్రూంలోకెళ్ళి, తలుపు వేసుకుని, మనిషిలా కూర్చోవాలి. అంతకు మించి నాకేం వద్దు."

నాకు నవ్వొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను. ఊరందరికీ సీట్లు చూపించిన మనిషి తన కోసం మొదటిసారి ఒక సీటు అడుగుతున్నాడని తట్టగానే ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది.

ఒకరోజు ఒళ్ళు తుడుస్తూ అమ్మ ఆయన నడుం కింద, వెన్నెముక చివర ఎర్రటి మచ్చ చూసింది. వేడి చేసిందనుకుని పౌడరు దట్టించింది. అది తగ్గకపోతే నూనె రాసి బాగా రుద్దింది. అమ్మకి వచ్చిన వైద్యం అంతవరకే. తర్వాత అక్కడ చర్మం లేచిపోయి లోపలి ఎరుపు తడితడిగా బయటపడింది. డాక్టరుకి ఫోన్ చేస్తే, ఇళ్ళకి వచ్చి గాయాలు చూసే సిస్టర్‌ని పంపారు.

సిస్టర్ పొట్టిగా ఉంటుంది. ఆమె భుజాన ఉన్న సంచి ఆమెలో సగం ఉంటుంది. గొంతు పెంచి మాట్లాడగా మేమెప్పుడూ వినలేదు, అయినా ఆమె చెప్పిన మాట కాదనడానికి ఎవరికీ నోరు రాదు. నాన్నకి మాత్రం వచ్చింది.

"పక్కకి తిరగండి బాబాయ్ గారూ, చూడాలి."

"నా వెనక చూసేందుకేం లేదమ్మా."

"బస్సులో టిక్కెట్టు లేనివాడు నా జేబు చూపించనంటే మీరేం చేసేవాళ్ళు?"

నాన్న అబద్ధం చెప్పలేని విషయం అది. "ఓ పెద్దమనిషిని సాక్షిగా పెట్టుకుని చూసేవాణ్ణి."

"అయితే మీకు కావలసిన సాక్షిని పిలిపించుకోండి. నేను కూర్చుంటాను."

అలా డ్రైవర్ మామయ్య వచ్చాడు.

డ్రైవర్ మామయ్య మాకు చుట్టం కాదు. నాన్న ఏ బస్సుకి కండక్టరో ఆయన ఆ బస్సుకే డ్రైవరు. వాళ్ళిద్దరి స్నేహం తమాషాగా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఒకే బస్సులో తిరిగినా ఒకరి మొహం ఒకరు చూసుకున్నది తక్కువ. ఈయన వెనక, ఆయన ముందు. మామయ్య నాన్నని చూసిందంతా తన ముందున్న అద్దంలోనే. మాట్లాడుకున్నదంతా బెల్లుతోనే: ఒకటి కొడితే ఆగు, రెండు కొడితే పద. ఆ రెండు మాటలతోనే వాళ్ళు బావా బావా అని పిలుచుకునేంత దగ్గరయ్యారు. మొగుడూ పెళ్ళాలు ఇన్ని మాటలు మాట్లాడుకుని కూడా సాధించలేనిది అది. ఆ బస్సుని తుక్కుకి వేసిన రోజున మామయ్య దాని బెల్లు విప్పుకొచ్చి, గుర్తుగా ఉంచుకోమని నాన్నకిచ్చాడు. డిపోవాళ్ళని అడిగి తెచ్చాడా అన్నది మేమెవరం అడగలేదు.

సాక్షి సమక్షంలో నాన్న పక్కకి తిరిగాడు. మామయ్య కళ్ళు చికిలించి వంగి చూసి, "పెద్ద పంక్చరేం కాదులే బావా," అన్నాడు.

సిస్టర్ మాత్రం అలా అనలేదు. దీన్ని పడక పుండు అంటారని చెప్పింది. కింద పరుపు, పైన ఎముక, మధ్యలో నలిగేది చర్మం. కదలకుండా ఉంటే అక్కడికి నెత్తురు పారదు, నెత్తురు అందని చోట చర్మం చచ్చిపోతుంది. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే ఒక్క క్షణం తెల్లబడాలట. తెల్లబడకపోతే లోపల చెడుతున్నట్టు లెక్కట. పౌడర్లూ నూనెలూ వద్దంది, రుద్దడం అసలే వద్దంది. అమ్మ చేతులు కొంగులో దాచుకుంది. పుండుని ఉప్పునీటితో కడిగి, మెత్తటి పట్టీ వేసి, రెండు గంటలకోసారి పక్క మార్చి తీరాలని చెప్పింది. అదీ పూర్తిగా పక్కకి కాదు, వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా.

"కూర్చోవడం ఎప్పుడు?" అన్నాడు నాన్న.

"ఇది మూసుకున్నాక. అప్పటిదాకా దీని మీద బరువు పడకూడదు."

"మూసుకోకపోతే?"

"లోతుకి దిగితే ఆస్పత్రిలో పెట్టి కోయాల్సి వస్తుంది. మీకు షుగరుంది బాబాయ్ గారూ. ఎముక దాకా పోతే..." అని, మిగతాది నా వైపు చూసి మింగేసింది. చెప్పకపోయినా నాకు తెలిసింది. పుండు మూసుకుంటే మా నాన్న కూర్చుంటాడు. మూసుకోకపోతే ఇక లేవడు.

మర్నాడు పొద్దున్నే మామయ్య స్కూటరు ట్యూబు ఒకటి పట్టుకుని దిగబడ్డాడు. గాలి నింపి, పాత చీర ముక్క చుట్టి, ముచ్చటగా తయారుచేశాడు. పుండు సరిగ్గా మధ్య ఖాళీలో ఉంటే దానికేదీ తగలదని ఆయన ఊహ. నిజం చెప్పొద్దూ, నాకూ భలే ఉందనిపించింది. సాయంత్రం సిస్టర్ వచ్చి చూసి తల అడ్డంగా ఊపింది.

"చుట్టూ నొక్కిపెడితే మధ్యలోకి నెత్తురు ఎటు నుంచి వస్తుందండీ? ఉన్న పుండు ఇంకా పెద్దదవుతుంది."

మామయ్య ట్యూబుని చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు రాలేదు. ఆ పై రోజూ రాలేదు. నాన్న బస్సులకి లేటు కూడా చెప్పడం మానేశాడు. కంచంలో పెట్టింది కెలికి వదిలేశాడు. తర్వాత ఒక పొద్దున మామయ్య ఏమీ జరగనట్టు వచ్చి కూర్చుంటే, నాన్న రెండు గుడ్లు తిని మూడోది అడిగాడు.

సిస్టర్ చెప్పగా గాలి పరుపు అద్దెకి తెచ్చాం. దాని నిండా గొట్టాల్లాంటి గాలి అరలు, అడ్డంగా వరసగా ఉంటాయి. మంచం కాళ్ళ దగ్గర చిన్న పంపు వేలాడుతూ సన్నగా మూలుగుతుంది. కాసేపు కొన్ని అరలు ఉబ్బితే పక్కవి మెత్తబడతాయి, మళ్ళీ కాసేపటికి ఇవి మెత్తబడి అవి ఉబ్బుతాయి. ఒంట్లో ఏ ఒక్క చోటా ఒత్తిడి నిలవకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. సిస్టర్ నాన్న బరువుకి తగ్గట్టు పంపు నాబు తిప్పింది. పరుపు కిందికి అరచెయ్యి పోనిచ్చి నడుం దగ్గర తడిమి చూసి, సరిగ్గా ఉందంది. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోవద్దంది.

పరుపు వచ్చాక పుండు అంచులు లేత రంగుకి తిరిగాయి. మేం ఊపిరి పీల్చుకున్నాం. అంతలోనే అది మళ్ళీ ఎర్రబడింది. ఇంకొంచెం లోతయింది. మడమల మీద కూడా ఎరుపు కనిపించింది. సిస్టర్ నాబు చూసింది, పెట్టిన చోటే ఉంది. పక్కలు సరిగ్గా మారుస్తున్నారా అని మెల్లగా అడిగింది. అంతే, అమ్మ నా మీద ఒంటికాలి మీద లేచింది. నేను పక్క మార్చేటప్పుడు ఫోన్ చూస్తానంది. అమ్మే ఆయన్ని పైకి ఎత్తకుండా ఈడుస్తుందని నేనన్నాను. నేను అలా ఊరుకునే రకం కాదు, అమ్మ అంతకంటే కాదు. ఇంట్లో రెండ్రోజులు గిన్నెలే మాట్లాడుకున్నాయి. వచ్చేవారానికి కూడా ఇలాగే ఉంటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలని చెప్పి సిస్టర్ వెళ్ళింది. ఆ మాట విన్నాక నాన్న కూర్చోవడం ఎప్పుడని అడగడం మానేశాడు. ఆయన అడగకపోవడంతో నాకు భయం వేసింది. రోజూ భయం వేసేది.

నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాను. ఎదుటివాళ్ళకి ఏది కనిపించడం లేదో చెప్పడం నా వృత్తి. ఒకరోజు దుకాణానికి వెళ్ళి, నా కళ్ళద్దాలే మరిచిపోయానని తెలుసుకుని వెనక్కి వచ్చాను. అమ్మ బజారుకి వెళ్ళింది. నాన్న గది తలుపు ఓరగా ఉంది. లోపల మామయ్య మంచం చుట్టూ తిరుగుతూ, బయల్దేరే ముందు డ్రైవర్లు టైర్లు కొట్టి చూసినట్టు, పరుపు అరల్ని పిడికిలితో ఒక్కొక్కటే కొట్టి చూస్తున్నాడు.

"ఇదుగో, ఇక్కడ పోయింది బావా. దీని పక్కన ఫరవాలేదు. మళ్ళీ ఇక్కడ పోయింది. వరస తప్పించి పంక్చర్లు. ఎవడు అంటగట్టాడో గానీ సరుకు మంచిది కాదు." వంగి పంపు నాబు చివరికంటా తిప్పాడు. పరుపు బిర్రుగా ఉబ్బింది. "ఇప్పుడెలా ఉంది?"

"రాయిలా ఉంది," అన్నాడు నాన్న, గట్టిగా ఊపిరి బిగబట్టి.

"అలా ఉండాలి. గాలి తక్కువైన టైరు మీద బండి తోలితే నష్టం ఎవరికి?"

"బండికే."

"సాయంత్రం తగ్గించి పోతాలే. ఆ సిస్టరమ్మ చూస్తే ఊరుకోదు."

తనిఖీ వాళ్ళు ఏ స్టాపులో కాపుకాస్తారో ముందే తెలిసిన మనిషి మరి. నాకు కోపం నషాళానికంటింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. నేనూ అమ్మా మాటలు మానేశామనీ, పుండు లోతు కావడానికి మీరే కారణమనీ, మా నాన్నని ఆస్పత్రికి పంపేదాకా మీకు నిద్రపట్టదా అనీ అన్నాను. మామయ్య నాబుని జాగ్రత్తగా వెనక్కి తిప్పి, చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే వెళ్ళిపోయాడు.

నేనింకా అరుస్తుంటే మంచం మీద నుంచి బెల్లు మోగింది. ఒకటే. నాన్న ఆ బెల్లుని తల దగ్గర కట్టుకున్నాడని తెలుసు గానీ, నా మీద కొట్టడం అదే మొదటిసారి.

"వాణ్ణి ఎందుకు తిట్టావ్?"

"ఆ పరుపు అలా చేస్తే నీకు నొప్పి పుట్టట్లేదా?"

"పుడుతుంది."

"మరి వద్దని ఎందుకు చెప్పలేదు? తెలిసి తెలిసి..."

నాన్న కిటికీకేసి చూశాడు. "ట్యూబు వద్దన్నప్పుడు రెండ్రోజులు రాలేదు వాడు. ఇదీ వద్దంటే ఇక రాడు. వాడికిప్పుడు స్టీరింగు లేదమ్మా. పొద్దున లేచి ఏం పట్టుకోవాలో తెలీదు. నా కోసం ఆ మర తిప్పితే వాడికి ఆ పూటకి పని చేసినట్టుంటుంది. కాస్త నొప్పేగా, ఓర్చుకున్నాను."

ఈ మనిషిని ఏం చేయాలి. ముసలమ్మలకీ బాలింతలకీ సీటిచ్చి సరిపోక, తన ఒంట్లో పుండు మీద కూడా ఇంకొకరికి చోటిచ్చాడు. నాకు ఆయన చెంప మీద ఒకటి వేయాలనిపించింది, కాళ్ళు పట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చేయకుండా కళ్ళద్దాలు పెట్టుకుని దుకాణానికి వెళ్ళిపోయాను.

సాయంత్రం సిస్టర్‌తో అంతా చెప్పాను. ఆమె మొదటిసారి మా ఇంట్లో పకపకా నవ్వింది. నవ్వడం అయ్యాక కాసేపు మంచాన్నీ, అమ్మ నడుమునీ, నా చేతుల్నీ ఎగాదిగా చూసింది.

"మీ ఇద్దరూ ఆయన్ని ఎత్తట్లేదు, ఈడుస్తున్నారు. అమ్మగారికి బలం చాలదు, మీరు పగలు ఉండరు. ఈడిస్తే ఆ ఒరిపిడికి చర్మం లేచిపోతుంది. కింద దుప్పటి పరిచి, దాంతో ఎత్తాలి. దాని రెండో వైపు పట్టడానికి గట్టి చేతులున్న మనిషి కావాలి. ఆ డ్రైవరుగారి చేతులెలా ఉంటాయి?"

ఏళ్ళ తరబడి బస్సు స్టీరింగు తిప్పిన చేతులు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా. నేను వెంటనే బయల్దేరాను. ఆయన ఉండేది పక్క వీధిలోనే. గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆ చీర చుట్టిన ట్యూబు గోడకి మేకు మీద వేలాడుతోంది.

"మామయ్యా, రేపటి నుంచి పక్కలు మార్చడానికి మీరు రావాలి."

"గాలి చూడ్డం కూడా రాని డ్రైవర్ని నేనెందుకమ్మా," అన్నాడు మొహం పక్కకి తిప్పుకుని. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: "వాడికి నిజంగా అంత నొప్పిపుట్టిందా?"

"పుట్టింది."

"మరి బెల్లు కొట్టొచ్చుగా. ఒక్క బెల్లు కొడితే ఆగనా నేను?"

"ఆగితే మీరు దిగిపోతారని కొట్టలేదు."

పొద్దున అన్న మాటలకి నేను సిగ్గుపడుతున్నానని చెప్పాను. ఆయన ఆ మాట విన్నట్టు లేడు. లేచి, కండువాతో మొహం తుడుచుకుని, చెప్పులు వెతుక్కున్నాడు.

అయితే ఆయన ఊరికే ఒప్పుకునే రకం కాదు. ముందు ఆ పరుపు సంగతి తేలాలన్నాడు. గాలి కావాలని తీసేయడమేమిటని సిస్టర్‌ని నిలదీశాడు. ఆమె ఒత్తిడి గురించీ నెత్తురు గురించీ మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. ఆయన తల గీరుకున్నాడు. చివరికి నాన్నే మంచం మీద నుంచి అందుకున్నాడు.

"బావా, సీట్లు తక్కువ, జనం ఎక్కువ ఉన్నప్పుడు ఏం చేసేవాళ్ళం? కాసేపు నువ్వు కూర్చో, కాసేపు ఆయన్ని కూర్చోనీ అనేవాణ్ణి కదా. ఇదీ అంతే. ఒక అర మోస్తుంటే పక్కది సేద తీరుతుంది. పంక్చరు కాదు, వంతులు."

"అలా చెప్పొచ్చు కదమ్మా ముందే," అన్నాడు మామయ్య సిస్టర్‌తో.

మర్నాటి నుంచి మా ఇంట్లో బస్సు నడిచింది. నాన్న నడుం కింద అడ్డంగా ఒక దుప్పటి పరిచి ఉంచాం. ఒక వైపు అమ్మ, ఒక వైపు మామయ్య దాని అంచులు చుట్టి పట్టుకునేవాళ్ళు. నాన్న రెండు బెల్లులు కొడితే ఎత్తాలి, ఒకటి కొడితే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. అంతకుముందు నొప్పి ఎప్పుడు ఎటు నుంచి వస్తుందో తెలియక ఆయన బిగుసుకుపోయేవాడు. బెల్లు తన చేతికి రావడంతో ఆ భయం పోయింది. మోకాళ్ళ మధ్య ఒక దిండు, మడమలు గాలిలో తేలేలా పిక్కల కింద ఒక దిండు పెట్టేవాళ్ళం. మామయ్య మడమల కింద చెయ్యి పోనిచ్చి చూసి, అటూ ఇటూ దూరితేనే సరేననేవాడు.

గోడ వైపు తిరగడం మాత్రం ఒక పట్టాన తెమలలేదు. దానికీ మామయ్యే మార్గం కనిపెట్టాడు. తుక్కు దుకాణం నుంచి బస్సు అద్దం ఒకటి తెచ్చి, నాన్న కళ్ళకి ఎదురుగా గోడకి బిగించాడు. గోడకేసి తిరిగినా అందులో కిటికీ, రోడ్డు, బస్సులు కనిపిస్తాయి. "ఇన్నేళ్ళూ నేను నిన్ను అద్దంలోనే చూశాను. కొన్నాళ్ళు నువ్వూ అలాగే చూడు," అన్నాడు. ఆ పూట నాన్న గోడ వైపు తిరిగి, అద్దంలో చూస్తూ "లేటు" అన్నాడు.

మామయ్య వేళ తప్పనిచ్చేవాడు కాదు. అమ్మ పొయ్యి మీద కూర కలుపుతున్నా సరే, "చెల్లెమ్మా, ట్రిప్పు టైమైంది," అని గుమ్మంలో నిలబడేవాడు. అమ్మ గరిటె పట్టుకునే వచ్చేది. రోజూ గుడ్లూ పాలూ నాన్న చేత తినిపించి తాగించే పూచీ కూడా ఆయనే నెత్తిన వేసుకున్నాడు. డీజిల్ లేకుండా బండి నడవదని ఆయన వాదన. అమ్మా నేనూ మళ్ళీ మాట్లాడుకున్నాం. కారణం ప్రేమ అని చెప్పలేను, మామయ్య గురించి గుసగుసలాడుకోవడానికి ఇంట్లో ఇంకొకరు కావాల్సి వచ్చింది.

పుండు వారం వారం దగ్గరపడింది. ముందు లోతు నిండింది, తర్వాత అంచులు జరుగుతూ వచ్చాయి. మధ్యలో ఒకసారి ఆగి మమ్మల్ని హడలగొట్టింది. ఒక సాయంత్రం సిస్టర్ పట్టీ తీసి, దీపం దగ్గరికి తెచ్చి చూసి, కొత్త పట్టీ కోసం సంచి తెరవలేదు.

"మూసుకుంది బాబాయ్ గారూ. చర్మం ఇంకా కాగితంలా ఉంది, జాగ్రత్తగా ఉండాలి. కూర్చోవచ్చు. కాసేపే."

నాన్న బెల్లు తాడు వేళ్ళకి చుట్టుకుంటూ విప్పుతూ ఉన్నాడు.

కూర్చోవచ్చని డాక్టరు కూడా అనుమతిచ్చారు. మర్నాడు చక్రాల కుర్చీ సిద్ధం చేశాం. బాత్రూంలోకి పోయేది, మధ్యలో రంధ్రం, మెత్తటి సీటు ఉన్నది. సిస్టర్ తన షరతులు చెప్పింది: తలుపు వేసుకోవచ్చు గానీ గడియ పెట్టకూడదు, బయట మనిషి ఉండాలి, ఎక్కువసేపు కూర్చోకూడదు. నాన్న అన్నిటికీ బుద్ధిమంతుడిలా తలూపాడు. మామయ్య ఆయన్ని రెండు చంకల కింద పట్టి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. నాన్న ముందు ఒక చేతిని, తర్వాత రెండో చేతిని కుర్చీ చేతుల మీద పెట్టి, వెనక్కి ఆనుకున్నాడు. మంచానికున్న బెల్లు విప్పి తన ఒళ్ళో పెట్టమన్నాడు.

కుర్చీ లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. మేం బయట నిలబడ్డాం. ఆయన పడ్డ చోటే, ఆ పట్టా ఎప్పుడో తీసేశాం. మామయ్య తలుపుకి వీపు పెట్టి నిలబడ్డాడు. నాన్నకి వీపు పెట్టి ఉండటం ఆయనకి అలవాటే.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. అమ్మ ఉండబట్టలేక చెయ్యి చాచి తలుపు తట్టింది.

"ఏవండీ, బాగానే ఉన్నారా? రమ్మంటారా?"

లోపల్నుంచి బెల్లు మోగింది. ఒకటే.

అమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఏమంటున్నారు అన్నయ్యా?"

మామయ్య రోడ్డు చూస్తున్నట్టే ఎదురుగా గోడకేసి చూస్తున్నాడు. కండువా కొసతో కళ్ళు ఒత్తుకుని అన్నాడు:

"స్టాపొచ్చింది చెల్లెమ్మా. తొందరపెట్టకు. వాడు రెండు కొట్టేదాకా బండి కదలదు."